ఏ చదువుకు వస్తది స్కాలర్‌షిప్?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి దసరా దాకా నిజామాబాదు జిల్లా మెండోర లాంటి ఊళ్లలో మీసేవ కౌంటర్ ముందు వినబడే ప్రశ్న ఒకటే. "తమ్మీ, గీ కోర్సుకు ఫీజు వస్తదా?" అడిగేది ఎక్కువగా తల్లులే. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు, లేదంటే పసుపు చేన్లో ఉంటాడు. కౌంటర్ వెనక కూర్చున్న పిలగాడు కోర్సు పేరు పూర్తిగా వినకుండానే ఎదురు ప్రశ్న వేస్తాడు. "సీటు ఎట్లొచ్చిందక్కా? కన్వీనరా, మేనేజ్‌మెంటా?"

సర్కారు ఏ చదువుకు డబ్బిస్తుంది, దేనికివ్వదు అన్న చర్చకు ఆ పిలగాడి ప్రశ్నే సరైన మొదలు. కోర్సుల జాబితా అంటూ ఒకటుంది. అది చిన్నదేమీ కాదు. ఐటీఐ నుంచి ఎంబీబీఎస్ దాకా, నర్సింగ్ నుంచి పీహెచ్‌డీ దాకా అందులో ఉన్నాయి. అయినా జాబితాలో ఉన్న కోర్సులోనే చేరి రూపాయి రానివాళ్లు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. వాళ్ల దరఖాస్తు ఎక్కడ ఆగిందో చూస్తే కోర్సు పేరు దగ్గర ఆగిన సందర్భాలు తక్కువ. సీటు వచ్చిన దారి దగ్గరో, ఇంటి ఆదాయం దగ్గరో, చదువుతున్న పద్ధతి దగ్గరో ఆగి ఉంటుంది.

మెండోర 2016 అక్టోబరులో బాల్కొండ నుంచి విడిపోయి మండలమైంది. శ్రీరాంసాగర్ ఆనకట్ట ఉన్న పోచంపాడు ఈ మండలంలోదే. పసుపు, మక్కజొన్న, ఎర్రజొన్న, ఇంటింటా బీడీల చాట, ఇంటికొకరు గల్ఫ్‌లో. పిల్లలు ఇంటర్ దాటితే ఆర్మూరు బస్సో నిజామాబాదు బస్సో ఎక్కాలి. ఈ పరిసరాల్లో పెరిగిన పిల్లలకు పథకాలు ఎట్లా అందుతున్నాయో చూస్తే, హైదరాబాదులో కాగితం మీద కనబడని సంగతులు కొన్ని బయటపడతాయి.

ఈ సాయం వయసు ఎనభై ఏళ్లు దాటింది. మెట్రిక్ తర్వాతి చదువులకు ఎస్సీ విద్యార్థులకు ఉపకార వేతనాలు 1944లో మొదలయ్యాయి. అప్పుడు అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడు. సరిగ్గా అదే ఏడాది జూన్‌లో అమెరికా, యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికుల చదువు ఖర్చు తానే భరిస్తానని చట్టం చేసింది. ఆ డబ్బు కోసం అక్కడ పేరుకు మాత్రమే బడి అనిపించుకునే సంస్థలు కుప్పలుగా పుట్టాయి. దాంతో 1952లో ఇంకో చట్టం తెచ్చి, గుర్తింపునిచ్చే సంస్థలు ఆమోదించిన చోట చదివితేనే సాయమన్న పద్ధతికి దారి వేశారు. అంటే అక్కడ మొదట తేల్చుకున్న విషయం ఏ బడి అన్నది. మన దగ్గర ఎవరి బిడ్డ అన్నది మొదట, ఏ బడి అన్నది చాలా తర్వాత. ఈ క్రమం మంచిదే. తరతరాలుగా బడి గడప తొక్కనివ్వని కులాలకు ముందుగా దారి చూపించింది. చిక్కు తర్వాతి కాలంలో వచ్చింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008-09 నుంచి అర్హులైన బీసీలందరికీ, ఆ వెంటనే రిజర్వేషన్ లేని కులాల పేదలైన ఈబీసీలకూ ఫీజు రీయింబర్స్‌మెంటును విస్తరించింది. నెలనెలా ఇచ్చే కొద్దిపాటి వేతనానికి తోడు కళాశాల ఫీజు మొత్తం సర్కారే కట్టడం మొదలైంది. మెండోర లాంటి ఊళ్లలో కూలి ఇంటి నుంచి బీటెక్ చదివిన మొదటి తరం ఈ పథకం బిడ్డలే. కాదనడానికి లేదు. అమెరికా 1944 తర్వాత చూసిన జబ్బు మనకూ పట్టిందన్న మాట కూడా కాదనలేం. ఇంజనీరింగ్ కళాశాలలు ఏడు వందలు దాటాయి. సీట్లు నింపుకోవడానికి ఊళ్లమీద పడి, సర్టిఫికెట్లు పట్టుకుపోయే ఏజెంట్లు తయారయ్యారు. 2012లో కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం పగ్గం వేసింది. బీసీ, ఈబీసీ విద్యార్థుల్లో పది వేల లోపు ర్యాంకు వాళ్లకు ఫీజు మొత్తం, మిగతావాళ్లకు 35 వేల దాకానే. ఎస్సీ, ఎస్టీలకు ర్యాంకుతో పని లేకుండా మొత్తం ఫీజు. తెలంగాణ వచ్చాక కూడా ఇంజనీరింగ్‌లో ఈ గీత అక్కడే ఉంది.

రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఫాస్ట్ పేరుతో కొత్త పథకం ప్రకటించారు. 1956 నవంబరు 1కి ముందు నుంచి ఇక్కడ ఉన్న కుటుంబాల పిల్లలకే సాయమన్నది దాని షరతు. హైకోర్టు తప్పుపట్టింది. 2015 మొదట్లో ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. రాజధానిలో ఇది ఆంధ్ర, తెలంగాణ గొడవగానే చర్చకు వచ్చింది. బోధన్, వర్ని, కోటగిరి వైపు మాత్రం ఇంకో లెక్క ఉంది. నిజాంసాగర్ నీళ్లు పారిన నాటి నుంచి కోస్తా జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్న నేల అది. ఒకే క్యాంపులో అన్న 1956కు ముందొచ్చాడు, తమ్ముడు తర్వాతొచ్చాడు. ఫాస్ట్ నిలబడి ఉంటే పాలోళ్ల పిల్లల్లో ఒకరికి ఫీజొచ్చి ఇంకొకరికి రాకుండా పోయేది. అరవై ఏళ్ల నాటి పట్టా కాగితం ఎవరి పెట్టెలో ఉందోనని వెతుక్కోవడం ఒక్కటే మిగిలేది.

ఇక కోర్సుల జాబితా. కేంద్రం నియమావళిలో మెట్రిక్ తర్వాతి చదువులన్నీ నాలుగు వర్గాలు. డిగ్రీ, పీజీ స్థాయి వృత్తి విద్యలు మొదటిది. డిప్లొమా, సర్టిఫికెట్ ఇచ్చే ఇతర వృత్తి విద్యలు రెండోది. బీఏ, బీకాం, బీఎస్సీ, ఎంఏ లాంటి మామూలు డిగ్రీలు మూడోది. ఇంటర్, ఐటీఐ, పాలిటెక్నిక్ నాలుగోది. 2021లో సవరించిన లెక్క ప్రకారం ఎస్సీ విద్యార్థికి ఏడాదికి వచ్చే నిర్వహణ భత్యం మొదటి వర్గంలో హాస్టల్లో ఉంటే 13,500, ఇంటి నుంచి పోయొస్తే 7,000. నాలుగో వర్గంలో హాస్టల్‌కు 4,000, ఇంటి నుంచి 2,500. ఇంటర్ చదివే పిల్లకు రెండున్నర వేలు ఏడాదికి దేనికి సరిపోతాయని అడిగితే జవాబు లేదు. ఇచ్చే డబ్బు పై మెట్లకు ఎక్కువ, కింది మెట్లకు తక్కువ. పేద పిల్లలు జారిపోయేది కింది మెట్ల దగ్గరే.

ఇదే నియమావళిలో చాలా కాలంగా ఒక మినహాయింపుల వరుస ఉంది. చదివితే నవ్వొస్తుంది. విమానాల మరమ్మతు కోర్సుకు సాయం లేదు. ప్రైవేటు పైలట్ లైసెన్సుకు లేదు. డఫ్రిన్ అనే శిక్షణ నౌక మీద చదివే చదువుకు లేదు. ఆ నౌక స్థానంలో తర్వాత రాజేంద్ర వచ్చింది. డెహ్రాడూన్ సైనిక కళాశాలకు లేదు. వీటిలో మన పిల్లలకు తగిలేది చివరి ముక్క ఒక్కటే. పోటీ పరీక్షల కోచింగ్ కేంద్రాలు. గ్రూప్స్ కోసం హైదరాబాదు అశోక్‌నగర్‌లో గది తీసుకున్నా, డీఎస్సీ కోసం నిజామాబాదులో చేరినా ఉపకార వేతనం దృష్టిలో అది చదువు కాదు. స్టడీ సర్కిళ్లు వేరే పద్దు, వేరే పరీక్ష.

జాబితాలో ఉన్న చదువుకే వద్దాం. తెలంగాణలో స్కాలర్‌షిప్‌ల ఆన్‌లైన్ పోర్టల్ ఈపాస్‌లో దరఖాస్తు నింపేటప్పుడు ఇంజనీరింగ్ విద్యార్థి ఎప్‌సెట్ కౌన్సెలింగ్ కేటాయింపు ఉత్తర్వు చూపాలి. డిగ్రీ విద్యార్థి 2016 నుంచి ఆన్‌లైన్ ప్రవేశాల వ్యవస్థ దోస్త్ ద్వారా సీటు పొంది ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటా, ఎన్ఆర్ఐ కోటా, స్పాట్ అడ్మిషన్ అంటే సాయం లేదు. 2018 చట్టంతో వచ్చిన ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లోనూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ కింద నింపి ఫీజు కడుతున్నారు. ఇక్కడ ఆ ఏర్పాటు చేయలేదు.

స్పాట్ అడ్మిషన్ దగ్గరే చాలామంది మోసపోతారు. మోసమంటే ఎవరో పనిగట్టుకుని చేసేది కాదు. కౌన్సెలింగ్ చివరి విడత అయిపోయాక ఖాళీగా మిగిలిన సీటు అదే కళాశాలది, అదే బ్రాంచి, అదే ఫీజు. పిల్లవాడు అదే బెంచీ మీద కూర్చుంటాడు. పక్కవాడికి సర్కారు డబ్బు కడుతుంది, వీడికి కట్టదు. సీటు కాగితం మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, చేరేటప్పుడు ఎవరూ చదివి వినిపించరు. సప్లిమెంటరీలో పాసై ఆలస్యంగా వచ్చిన పిల్లలకు చాలాసార్లు మిగిలేది స్పాటే. అంటే ఒక్క సబ్జెక్టులో తప్పినందుకు ఆ శిక్ష డిగ్రీ పూర్తయ్యే దాకా ఉంటుంది.

పది వేల ర్యాంకు గీతను ఒకసారి లెక్కేసి చూడండి. హైదరాబాదు పెద్ద కళాశాలల్లో బీటెక్ ఫీజు ఏడాదికి లక్షన్నర దాటింది. లక్షన్నరే అనుకుందాం. 9,999 ర్యాంకు వచ్చిన బీసీ పిల్లకు సర్కారు లక్షన్నర కడుతుంది. 10,001 ర్యాంకు పిల్లకు 35 వేలు. రెండు ర్యాంకుల తేడాకు ఏడాదికి 1,15,000, నాలుగేళ్లకు 4,60,000. ఫీజులు మూడేళ్లకోసారి పెరుగుతూ పోతుంటే ఆ 35 వేలు 2012లో ఆగినచోటే ఆగాయి. దీని పర్యవసానం మెండోర ఇళ్లలో స్పష్టంగా కనబడుతుంది. ర్యాంకు పదిహేను వేలు వచ్చిన పిల్ల హైదరాబాదులో మంచి కళాశాల వదిలేసి, ఫీజు 35 వేలకు దగ్గరగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. ఫీజు చూసి కళాశాలను ఎన్నుకుంటున్నారు, చదువు చూసి కాదు.

ఫీజు తక్కువ, చదువు గట్టి అన్న చోట్లు జిల్లాలో లేకపోలేదు. గిరిరాజ్ ప్రభుత్వ కళాశాల ఉంది, ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, 2006లో వచ్చిన తెలంగాణ విశ్వవిద్యాలయం డిచ్‌పల్లిలో ఉంది. బోధన్ చెరకు ప్రాంతంలో రుద్రూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ఫుడ్ టెక్నాలజీ కళాశాల ఉంది. శక్కర్‌నగర్‌లో 1930ల్లో పుట్టిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. రుద్రూరు ఆ పక్కనే. చెరకు పండించిన ఇళ్ల పిల్లలకు ఆహార పరిశ్రమ చదువు గుమ్మం ముందుకొచ్చింది గానీ, ఆ కళాశాల పేరు బాల్కొండ వైపు పిల్లల్లో ఎందరు విన్నారన్నది అనుమానమే. ప్రైవేటు కళాశాలల ఫ్లెక్సీలు మాత్రం ప్రతి కూడలిలో ఉంటాయి.

మెట్ల నియమం ఇంకొకటుంది. సాయం పైకెక్కడానికే, పక్కకు జరగడానికి కాదు. బీఏ చదివి మళ్లీ బీకాం అంటే రాదు. ఒక ఎంఏ చేసి ఇంకో సబ్జెక్టులో ఎంఏ అంటే రాదు. బీఈడీ చేసి ఆ తర్వాత ఎల్ఎల్‌బీలో చేరితే, ఒక వృత్తి చదువు అయ్యాక ఇంకో వృత్తి చదువు కాబట్టి రాదు. డిగ్రీ తర్వాత బీఈడీకి ఇబ్బంది లేదు. పద్దు పెట్టే అధికారి దృష్టిలో ఇది న్యాయమే. ఒకే మనిషి మీద రెండుసార్లు ఖర్చెందుకు? కానీ టీచర్ నోటిఫికేషన్ల కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసి వయసు మళ్లే దశలో లాయర్ కోర్సుకు మళ్లిన మనిషికి ఆ న్యాయం రుచించదు.

ఆదాయం దగ్గరకొద్దాం. ఎస్సీ, ఎస్టీలకు కేంద్రం పెట్టిన గీత రెండున్నర లక్షలు. తెలంగాణలో బీసీ, ఈబీసీ, మైనారిటీలకు పల్లెలో లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు. పల్లెలో ఖర్చు తక్కువన్న ఊహ దీనికి మూలం. ఇంజనీరింగ్ చదివే పిల్లకు ఊళ్లో ఖర్చు ఎక్కడ తక్కువ? నిజామాబాదులో ఉండే పిల్ల ఇంటి నుంచి కళాశాలకు ఆటోలో పోతుంది. మెండోర పిల్ల బస్సు పాసో హాస్టలో చూసుకోవాలి. ఒకే ఆదాయమున్న రెండిళ్లలో ఖర్చెక్కువ ఉన్న ఇంటికే గీత కిందకు జరిగింది.

గల్ఫ్ ఇళ్లకు ఈ లెక్క మరీ ఇరుకు. నెలకు వెయ్యి దిర్హాముల జీతం మీద పోయిన మనిషిని తీసుకోండి. దిర్హాముకు 23 రూపాయలు పట్టుకుంటే ఏడాదికి 2,76,000. గీత దాటిపోయాడు. ఏజెంటుకు కట్టిన అప్పు మీద మిత్తీ, అక్కడి తిండి ఖర్చు, కంపెనీ ఆపేసిన నెలల జీతం, ఇవేవీ ఆదాయ పత్రంలో తీసివేయరు. నిజం రాస్తే ఫీజు పోతుంది. అందుకే నిజం రాయరు. తహసీల్దార్ ఆఫీసులోనూ అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన అబద్ధం మీద పథకం నడుస్తున్నప్పుడు, ఎవడి మీదైనా కోపమొచ్చిన రోజున ఆ అబద్ధమే ఆయుధమవుతుంది. నిజాన్ని దాచనక్కర లేని గీత పెట్టడం దీనికంటే తేలిక.

ఈబీసీ కుటుంబాలు ఇంకో గందరగోళంలో పడతాయి. ఎనిమిది లక్షల లోపు ఆదాయానికి ఈడబ్ల్యూఎస్ పత్రం ఇస్తారు. దానితో సీటులో రిజర్వేషన్ వస్తుంది, ఫీజు రాదు. ఫీజు కావాలంటే ఈబీసీ గీత వేరు. పైగా ఈబీసీ పిల్లలకు ఇంటర్‌లో అసలు ఈ సాయమే లేదు. "పత్రం ఉంది గదా సారూ" అని వచ్చే తండ్రికి రెండు పత్రాల తేడా విప్పి చెప్పేసరికి దరఖాస్తు గడువు సగం అయిపోతుంది.

మైనారిటీ విద్యార్థుల సంగతి బోధన్, నిజామాబాదు పట్టణాల్లో పెద్దది. రాష్ట్రం ఇచ్చే ఫీజు సాయం నడుస్తోంది. కేంద్రం మాత్రం 2022లో ఎనిమిదో తరగతి లోపు మైనారిటీ పిల్లల ప్రీ మెట్రిక్ వేతనం ఆపి, తొమ్మిది, పదికే పరిమితం చేసింది. పరిశోధన విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నూ ఆ ఏడాదే నిలిపేసింది. విద్యాహక్కు చట్టం కింద ఎనిమిది దాకా చదువు ఉచితమే కదా అన్నది చిన్న తరగతుల వేతనం ఆపడానికి చెప్పిన కారణం. ఉచిత చదువులోనూ నోటుబుక్కులూ బూట్లూ ఉంటాయన్నది పిల్లల్ని బడికి పంపే ఎవరికైనా తెలుసు.

ఇక బీడీలు. నిజామాబాదు జిల్లాలో ఆడవాళ్ల చేతుల్లో ఆడే డబ్బులో పెద్ద భాగం తునికాకుదే. బీడీ కార్మికుల పిల్లల చదువుకు కేంద్ర కార్మిక శాఖ వేరే సాయం ఇస్తుంది. ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా ఏడాదికి వెయ్యి, ఎనిమిది దాకా పదిహేను వందలు, తొమ్మిది, పదికి రెండు వేలు, ఇంటర్‌కు మూడు వేలు, ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీకి ఆరు వేలు, ఇంజనీరింగ్, వైద్యం, ఎంబీఏ లాంటి వాటికి పాతిక వేలు. ఇంటి ఆదాయం నెలకు పది వేలు దాటకూడదు. తల్లికి కనీసం ఆరు నెలల పని, గుర్తింపు కార్డు ఉండాలి. దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వేయాలి. ఇంకో ఉపకార వేతనం తీసుకునేవాళ్లకు ఇది రాదు.

కార్డు దగ్గరే చాలా ఇళ్లు ఆగిపోతాయి. అత్త పేరు మీద కార్డు ఉంటుంది, కోడలు చుడుతుంది. షాపులో అప్పజెప్పే బీడీలు రెండు చేతులవి, లెక్క ఒక్క పేరుది. కోడలి బిడ్డ దరఖాస్తు పెడితే తల్లి కార్మికురాలే కాదని తేలుతుంది. ఇంకో సంగతి, ఈ సాయానికి ఊపిరి పోసిన బీడీ సెస్సును 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు తీసేశారు. సెస్సున్న రోజుల్లో కార్మికుల పేరు మీద వసూలైన డబ్బు కార్మికుల పిల్లలకే చేరాలన్న హక్కు ఉండేది. ఇప్పుడది బడ్జెట్ దయ.

ఈ పథకాలన్నిటిలో నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది దూరవిద్యను బయట పెట్టడం. పెళ్లయి ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ డిగ్రీ చేయాలనుకునే మెండోర కోడలికి ఉన్న ముఖ్యమైన దారి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టిన సంస్థ అది. బడికి పోలేనివాళ్ల కోసమే పెట్టింది. ఈపాస్‌లో దానికి చోటు లేదు. బీడీ పిల్లల పథకంలోనూ కరస్పాండెన్స్ చదువుకు చోటు లేదు. కేంద్రం 2010 నాటి ఎస్సీ నియమావళిలో మాత్రం దూరవిద్య విద్యార్థికి కోర్సు ఫీజు, పుస్తకాలకు ఏడాదికి 1,200 ఇవ్వాలని రాసి ఉంది. అంటే ఇవ్వకూడదన్న సిద్ధాంతమేదీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. రాష్ట్రం వద్దనుకుంది, అంతే. 75 శాతం హాజరు లెక్కపెట్టే పద్ధతిలో ఇంట్లో కూర్చుని చదివే మనిషి ఇమడదు. హాజరు అబద్ధమయ్యే కళాశాలలకు కోట్లు కట్టిన చేత్తోనే, పరీక్ష రాసి పాసయ్యే గృహిణి చిన్న ఫీజు కట్టలేకపోవడం ఏం పొదుపో తెలియదు. హాజరు చూడలేకపోతే పాసైన పేపర్లు చూసి ఇవ్వొచ్చు కదా.

కేంద్రం మిగతా పథకాలు ఒక్కొక్కటి ఒక్కో రకం చదువును వెతుక్కుంటాయి. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైతే ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు. సర్కారు బడి లేదా ఎయిడెడ్ బడిలోనే చదవాలి, ప్రైవేటుకు మారితే పోతుంది. ఇన్‌స్పైర్ వేతనం ఏడాదికి 80 వేలు, ఇంటర్‌లో రాష్ట్రంలో మొదటి ఒక్క శాతంలో ఉండి బీఎస్సీ లాంటి శుద్ధ విజ్ఞాన చదువులో చేరినవాళ్లకు. ఇంజనీరింగ్, మెడిసిన్‌కు కాదు. ఏఐసీటీఈ ప్రగతి వేతనం సరిగ్గా తిరగేసి, సాంకేతిక డిప్లొమా, డిగ్రీ చదివే ఆడపిల్లలకు 50 వేలు ఇస్తుంది. ఇంటికి ఇద్దరు ఆడపిల్లల దాకా, ఆదాయం ఎనిమిది లక్షల లోపు. ఎప్‌సెట్‌లో 35 వేల గీత కింద చిక్కుకున్న బీసీ ఆడపిల్లలు దీన్ని తప్పక చూసుకోవాలి. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి అప్పు పథకం. పూచీ, తాకట్టు లేకుండా ఇస్తారు. ఎనిమిది లక్షల లోపు ఇళ్లకు పది లక్షల దాకా అప్పు మీద మూడు శాతం వడ్డీ రాయితీ. కానీ అది దేశంలో ఎంపిక చేసిన కొన్ని వందల సంస్థలకే. మేనేజ్‌మెంట్ కోటా సీటు ఇక్కడా చెల్లదు.

విదేశీ చదువుకు రాష్ట్రం చూపే ధారాళం వేరు. అంబేడ్కర్ పేరుతో ఎస్సీ, ఎస్టీలకు, జ్యోతిబా ఫూలే పేరుతో బీసీలకు, ముఖ్యమంత్రి పథకం పేరుతో మైనారిటీలకు 20 లక్షల దాకా. పీజీ, పీహెచ్‌డీకే. ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్, సైన్సులు, వ్యవసాయం, నర్సింగ్, సాంఘిక శాస్త్రాల వంటివి జాబితాలో ఉన్నాయి. నిజామాబాదు నుంచి ఫిలిప్పీన్స్‌కూ కిర్గిజిస్తాన్‌కూ ఎంబీబీఎస్‌కు పోయే పిల్లలకు ఇది పనికిరాదు, అది పీజీ కాదు కాబట్టి. ఈ పథకాల ఆదాయ గీత ఐదు లక్షలు. అంటే మెండోర బీసీ తండ్రి ఏడాదికి నాలుగు లక్షలు సంపాదిస్తే కొడుకు ఆర్మూరులో డిగ్రీకి అనర్హుడు, అమెరికాలో ఎంఎస్‌కు అర్హుడు. ఈ రెండు గీతలు గీసినవాళ్లు ఒకరి కాగితం ఒకరు చూసుకున్నట్టు లేదు.

అర్హత ఉండి, అన్నీ సరిగా ఉండి, మంజూరైనా డబ్బు రావడం ఇంకో సంగతి. బిల్లు తయారై, ట్రెజరీలో టోకెన్ పడి, అక్కడే ఏళ్లు గడుస్తాయి. బకాయిల కోసం ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు 2025 సెప్టెంబరులో బంద్ పిలుపునిచ్చి, విడుదల హామీ మీద విరమించి, మళ్లీ నవంబరులో కళాశాలలు మూసేదాకా వెళ్లాయి. యాజమాన్యాల బాధ యాజమాన్యాలది. ఆ బాధ చివరికి దిగేది పిల్లల సర్టిఫికెట్ల మీద. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా కోర్సు అయిపోయి, బయట ఉద్యోగం చేతికొచ్చి, "సర్కారు పైసలు రాలేదు, నువ్వు కట్టి తీసుకుపో" అని కళాశాల క్లర్కు అన్న మాట విన్న పిల్లలు ఈ జిల్లాలో కొల్లలు. ఆ ఫీజు కోసం అప్పు చేసిన తండ్రికి తర్వాత సర్కారు డబ్బు కళాశాలకు చేరినా, తిరిగి వచ్చేది అరుదు. కేంద్రం 2020 డిసెంబరులో ఎస్సీ పథకానికి 60 శాతం వాటా తనదని ఖాయం చేసి, ఆ వాటాను నేరుగా విద్యార్థి ఖాతాలోకే పంపాలని నిర్ణయించింది. యాజమాన్యాలకు నచ్చని పద్ధతి అది. విద్యార్థి చేతిలో రసీదు ఉండాలన్న వాదన నాకు సమంజసంగానే తోస్తుంది.

జాబితాలో అసలే లేని చదువుల మాట మిగిలింది. మెండోర నుంచి బయటికి పోయే కుర్రాళ్లలో చాలామందికి కావలసింది మూడేళ్ల డిగ్రీ కాదు. ఏసీ మెకానిక్, వెల్డింగ్, పైపు ఫిట్టింగ్, భారీ వాహనాల డ్రైవింగ్. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల శిక్షణ, చేతిలో పట్టుకుపోయే ధ్రువపత్రం. ఏడాది ఐటీఐ అయితే ఈపాస్ వర్తిస్తుంది. ఆరు వారాల వెల్డింగ్ కోర్సుకు వర్తించదు. ఇలాంటి పిల్లల కోసం డీడీయూ జీకేవై లాంటి ఉచిత శిక్షణలు ఉన్నాయి. అవి శిక్షణ సంస్థకు డబ్బిచ్చే పథకాలు. ఏది నేర్చుకోవాలి, ఎక్కడ నేర్చుకోవాలి అన్నది కుర్రాడి చేతిలో ఉండదు. సంస్థకు ఏ కోర్సు మంజూరైతే అదే, ఎక్కువసార్లు హైదరాబాదులో అమ్మకాల పనో డేటా ఎంట్రీయో. విదేశీ ఉద్యోగాల కోసం 2015 నుంచి రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, దాని కార్యాలయం హైదరాబాదులో.

ఇలాంటి చిన్న కోర్సులకు సాయం ఇవ్వకపోవడానికి అమెరికాలో ఎప్పటి నుంచో చెప్పే కారణం దొంగ బడుల భయం. అక్కడ ప్రభుత్వ పెల్ గ్రాంటుకు కోర్సు కనీసం 15 వారాలు ఉండాలన్నది నియమం. 2025 జూలైలో చట్టం మార్చి, 2026 జూలై నుంచి 8 వారాల కోర్సులకూ తలుపు తీశారు. ఎంతమంది పూర్తిచేశారు, ఎంతమందికి పని దొరికింది అన్న లెక్కలు చూపిన కోర్సులకే ఆ డబ్బు. మన దగ్గర ఇంత దూరం ఆలోచించడం లేదు. కానీ నిజామాబాదు ప్రభుత్వ ఐటీఐలో సాయంత్రం పూట వెల్డింగ్ నేర్పి, పరీక్ష పెట్టి, పాసైన కుర్రాడికి నేర్చుకున్న ఫీజు తిరిగివ్వడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు. ఈపాస్ కోర్సుల వరుసలో ఇంకొక పేరు ఎక్కించడానికి ఒక జీవో చాలు. దూరవిద్యకూ అంతే.